ముక్కమ్మ నోరు

ఆమె ముక్కు చాలా మామూలు ముక్కు. కాస్త చిన్నదని కూడా చెప్పొచ్చు. "ముక్కమ్మ" అని పిలవగా మొదటిసారి విన్నవాళ్ళు ఆ ముక్కులో ఏ విశేషముందా అని ఒకటికి రెండుసార్లు చూసేవారు. ఏమీ దొరక్క, కోపం ముక్కు మీద ఉండే మనిషేమో అని సరిపెట్టుకునేవారు. కోపం ఉన్న మాట నిజమే. పేరు మాత్రం కోపం వల్ల రాలేదు, ముక్కు వల్ల అంతకన్నా రాలేదు. నోటి వల్ల వచ్చింది.

అప్పట్లో ఆమె పెద్దాసుపత్రిలో కాన్పుల గది నర్సు. పక్కపక్కనే ఇనప మంచాలు, మధ్యలో వెలిసిపోయిన ఆకుపచ్చ తెరలు, ఫినాయిలు వాసన. నొప్పులు పడుతున్న ప్రతి ఆడదాని చెవి దగ్గరా వంగి "ముక్కు! ముక్కమ్మా, ముక్కు! ఇంకా, ఇంకా!" అని అరవడమే ఆమె పని. అలా అరవమని ఎవరూ చెప్పలేదు. ఆమెకు ముందున్న నర్సు అరిచేది, ఆ నర్సుకు నేర్పినామె ఇంకా గట్టిగా అరిచేదట. గొంతు ఆస్తి లాంటిది, వారసత్వంగా వచ్చింది. ఆ కేక కింద సైకిల్ స్టాండు దాకా వినిపించేది. అక్కడ నిలబడ్డ మొగుళ్ళలో కొందరు తెలియకుండానే పళ్ళు బిగించి తామూ ముక్కేవారు. బిడ్డ బయటపడగానే చుట్టాలంతా నర్సు చేతులు పట్టుకుని "అంతా మీ చలవేనమ్మా" అనేవారు. కన్నది మాత్రం పక్కనే పడి ఉండేది. దాని చలవ ఎంతో అడిగినవాడు లేడు.

ఒక రోజు ఒక పెద్ద చదువుల పిల్ల కాన్పుకొచ్చింది. తొలి చూలు. ముక్కడం అనే మాట ఆ పిల్ల ఇంట్లో ఎవరూ వాడి ఉండరు. నర్సు అలవాటు ప్రకారం వంగి "ముక్కు!" అని గద్దించింది.

ఆ పిల్ల బెదిరి, చేత్తో ముక్కు పట్టుకుంది.

"అబ్బబ్బా, ముక్కంటుంటే! గట్టిగా!"

గట్టిగా పట్టుకుంది.

"అలా కాదు, ఊపిరి బిగబట్టు! ఇంకా గట్టిగా!"

రెండు చేతులతో పట్టుకుని నోరు కూడా మూసేసింది. మొహం వంకాయ రంగుకు తిరిగింది. నర్సు గొంతు పెంచేకొద్దీ ఆ పిల్ల ముక్కు నలిపేసుకుంటోంది. ఈ గొడవతో తనకేం సంబంధం లేదన్నట్టు బిడ్డ తన దారిన తాను జారి వచ్చేశాడు. డాక్టరమ్మ బిడ్డను అందుకుని, నవ్వాపుకోలేక మొహం గోడవైపు తిప్పుకుంది. కాసేపటికి మంచం మీద నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"సిస్టర్, ఇంక ముక్కు వదిలెయ్యచ్చా?"

సాయంత్రానికల్లా వార్డంతా పాకిపోయింది. మర్నాటికి ఆమె ముక్కమ్మ అయింది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ముక్కమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఒక్క ముక్క లోపల గుచ్చుకుంది. ఆ పిల్ల ముక్కనే లేదు, అయినా బిడ్డ వచ్చాడు. అంటే ఇన్నేళ్ళూ తను అరిచింది ఎవరి కోసం?

ఆమె మొగుడు డ్రైవింగు స్కూల్లో కారు నేర్పే మనిషి. అన్నం ముందు కూర్చున్నాక ఆయన్నే అడిగింది.

"ఏమండీ, బండి నేర్పేటప్పుడు మీరు అరుస్తారా?"

"అరిస్తే తీసుకెళ్ళి కరెంటు స్తంభానికి పెడతారు. నా వైపు కూడా ఒక బ్రేకు ఉంటుందిగా. కాలు దాని మీద పెట్టి నోరు మూసుకుని కూర్చుంటా."

"తొక్కరా?"

"కొంప మునిగేటట్టుంటే తొక్కుతా. ఊరికే తొక్కుతూ ఉంటే బండి వాడు నడిపినట్టా, నేను నడిపినట్టా?"

పెళ్ళయినప్పటి నుంచి ఆయన అన్నవాటిలో పనికొచ్చిన మాట అదొక్కటేనని ఆమె తర్వాత చాలామందితో చెప్పింది. ఆయన అది పొగడ్తే అనుకున్నాడు.

ఆ నెలలోనే ఉద్యోగం మానేసింది. మానేసేటప్పుడు ఊరుకుందా, లేదు. వార్డు మధ్యలో నిలబడి "ఇది కాన్పుల గది కాదు, సంత" అని ఒక ఉపన్యాసం ఇచ్చి మరీ వచ్చింది. అంటే తిరిగి వెళ్ళే దారికి తనే తాళం వేసి, తాళంచెవి నూతిలో పడేసుకుంది. వచ్చి పెద్దమ్మ గుమ్మంలో నిలబడింది.

ఊరంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, ఇళ్ళకు వెళ్ళి పురుళ్ళు పోసే మంత్రసాని. నాటు వైద్యం కాదు. పద్ధతిగా చదివి, పరీక్ష రాసి పట్టా తెచ్చుకున్న మనిషి. బిడ్డ అడ్డం తిరిగినా, తల్లికి బీపీ ఎక్కువున్నా ముట్టుకోకుండా ఆసుపత్రికి పంపేది. మధ్యలో తేడా వస్తే అంబులెన్సుకు ఫోను చెయ్యడానికి వెనకాడేది కాదు. మిగతా అందరికీ, కనబోయే తల్లికి సొంత పెద్దక్కలా పక్కన కూర్చునేది.

ముక్కమ్మ మంత్రసాని దగ్గర చేరిందని తెలియగానే బంధువుల్లో ప్రతివాడూ ఒకే సామెత చెప్పాడు. "మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి." ఆ సామెత తనే కనిపెట్టినట్టు మొహం పెట్టి మరీ చెప్పాడు. పట్టాల్సింది ఏమిటో మాత్రం మర్యాదకు మింగేసేవాడు. కాన్పుల గదిలో ఇన్నేళ్ళు పనిచేసినదానికి ఏదేది వస్తుందో తెలియదా! ఆమెకు అసలు కష్టం పట్టడంలో కాదు, ఊరుకోవడంలో వచ్చింది.

"నీ చేతులకు వంక పెట్టను. నోరే ఆసుపత్రిది" అంది పెద్దమ్మ మొదటి కాన్పు అయ్యాక.

"ఏమీ అనలేదుగా పెద్దమ్మా!"

"పెదాలు కదిలించావే. అది కూడా వినపడింది."

అప్పటినుంచి నొప్పులు ముదిరే వేళకు ముక్కమ్మ తువ్వాలు అంచు పళ్ళ మధ్య పెట్టుకునేది. పెద్దమ్మ నేర్పింది రెండే. చెక్కబూర పొట్ట మీద ఆనించి బిడ్డ గుండె వినడం ఒకటి. వినడం అయ్యాక, అంతా బాగుంటే, కూర్చోవడం రెండోది. ఏమీ చెయ్యకుండా కూర్చునే విద్య చాలామంది మగవాళ్ళకు పుట్టుకతోనే వస్తుంది. ముక్కమ్మ దాన్ని ఏళ్ళ తరబడి కష్టపడి నేర్చుకోవలసి వచ్చింది.

మిగతా పని ఎలాగో వచ్చేసింది. ఇళ్ళల్లో కాన్పంటే బిడ్డను పట్టడం సగమే, ఇంట్లోవాళ్ళను పట్టడం మిగతా సగం. ఆ ఇంటి మగవాడికి ఏదో ఒక పని అప్పజెప్పాలి. లేకపోతే వాడు సలహాలు కనడం మొదలుపెడతాడు. పెద్దపిల్లాడు ఉంటే, వచ్చిన చెల్లెల్ని మళ్ళీ వెనక్కి పంపించమని ఏడుస్తాడు, వాడిని ఒళ్ళో వేసుకోవాలి. పాలు పడటం లేదని కొత్త తల్లి కుమిలిపోతుంటే, పడుతున్నాయని చెప్పడం కాదు, పక్కన కూర్చుని పిల్ల నోరు సరిగ్గా పట్టేదాకా ఓపిక పట్టాలి. ముక్కమ్మ వారం పది రోజులు ఆ ఇళ్ళ చుట్టూ తిరిగేది. బాలింత నిద్రపోతే వాకిట్లో కాపలా ఉండి, చూడ్డానికొచ్చిన చుట్టాలను వచ్చిన దారినే పంపేది. ఆ పని మాత్రం ఆమెకు పండగే.

అయినా ఎవరూ ఆమెను రమ్మనేవారు కాదు. పెద్దమ్మ పెట్టిన షరతు ఒకటుంది.

"నా పేరు చెప్పి కాదు, నీ పేరు చెప్పి ఎవరైనా ఈ గుమ్మం ఎక్కాలి. ఆ రోజు నుంచి నీ పని నీ సొంతం. అంతదాకా నా సంచీ మొయ్యి."

వినడానికి తేలికగానే ఉంది. కానీ ఆమె ఎంత బాగా పనిచేస్తే అంత తక్కువ కనపడేది. అరిచిన రోజుల్లో చలవంతా ఆమెదే. నోరు మూసుకుని, చెవులు రిక్కించి, తల్లి మొహంలో గీత మారితే కనిపెట్టే రోజు వచ్చేసరికి ఇళ్ళవాళ్ళు "పెద్దావిడ వెనకాల ఒకావిడ కూర్చుంటుంది. మంచిదే పాపం. కునుకుతుంది" అనసాగారు. మరోవైపు పెద్దమ్మ మోకాళ్ళు రోజుకింత మొరాయిస్తున్నాయి. "ఈ ఏడాదితో సరి. నిన్నెవరూ అడక్కపోతే నీ దారి నువ్వు చూసుకో, నేను తలుపేసుకుంటా" అని తేల్చి చెప్పేసింది. అటు ఆసుపత్రి లేదు, ఇటు పెద్దమ్మా ఉండదు. రెంటికీ చెడ్డ రేవడి కావడానికి ఆట్టే దూరం లేదు.

అలాంటి సమయంలో బస్సు కండక్టరు పురిటికి సిద్ధమైంది.

కండక్టరు ఆడమనిషి. మొగుడు దర్జీ. కింద కొట్టు, పైన రెండు గదుల కాపురం. అత్తగారిది ఆ వీధిలో మొదటి నోరు, కండక్టరుది రెండోది. ముక్కమ్మ నోరు అప్పటికి పోటీలో లేదు. నొప్పులు మొదలయ్యాయని పొద్దున్నే కబురొచ్చేసరికి పెద్దమ్మ ఇంకో ఇంట్లో బాలింతను చూస్తోంది. "నువ్వెళ్ళి కూర్చో, వెనకే వస్తా" అంది.

మెట్లెక్కగానే అత్తగారు అడ్డం నిలబడింది.

"పెద్దావిడేదీ?"

"వస్తున్నారండీ."

"అంతవరకూ నువ్వేం చేస్తావు?"

"కూర్చుంటానండీ."

"కూర్చోడానికైతే మా అబ్బాయున్నాడుగా!"

ఆ అబ్బాయి గుమ్మం దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు. ముక్కమ్మ ఆయనకు పని చెప్పింది. బిడ్డను చుట్టడానికి పాత మెత్తటి గుడ్డలు ఇస్త్రీ చేసి వెచ్చగా ఉంచమంది. ఆయన కొట్టులోకి దిగి గుడ్డలన్నీ ఇస్త్రీ చేశాడు. అవయ్యాక దిండు గలేబులు చేశాడు. అవీ అయ్యాక కిటికీ తెరలు విప్పదీశాడు. ఆ పూట ఆ ఇంట్లో ముడత పడి మిగిలింది ఆయన మొహం ఒక్కటే.

పైన కండక్టరు కాసేపు నడిచింది, కాసేపు గోడకానుకుని ఊగింది, కాసేపు డిపో మేనేజరును తిట్టింది. నొప్పి వచ్చినప్పుడల్లా పొట్టకు చెప్పేది. "ముందుకు జరుగు, ముందుకు జరుగు. నీ స్టాపొచ్చింది, దిగు!"

ముక్కమ్మ నడుం పట్టింది, నీళ్ళు తాగించింది, చెక్కబూర పెట్టి గుండె వింది. మధ్యాహ్నానికి దారి పూర్తిగా తెరుచుకుంది. సరిగ్గా అప్పుడే నొప్పులు ఆగిపోయాయి. కండక్టరు పక్కకు తిరిగి గుర్రు పెట్టింది.

"ఆగిపోయాయి! నా కొంప మునిగింది!" అని అత్తగారు గుండెలు బాదుకుంది.

"ఏం కాలేదండీ. కొందరికి ఇలాగే ఉంటుంది. దింపేముందు ఒళ్ళు కాస్త అలుపు తీర్చుకుంటుంది. బిడ్డ గుండె బాగుంది. నేను వింటూనే ఉన్నాను."

"వింటావు, కూర్చుంటావు. ముక్కమని చెప్పవేం? నా కాన్పులో నర్సు అరిచిన అరుపుకి పైకప్పు లేచింది!"

ఆ నర్సు ఎవరై ఉంటుందో ముక్కమ్మ ఆలోచించదలచుకోలేదు. తన వయసుకు అది తను కాదు, తనకు నేర్పినామె అయి ఉంటుంది. మళ్ళీ బూర ఆనించింది. టకటక, టకటక. నిలకడగా ఉంది.

అత్తగారు ఊరుకునే రకం కాదు. చరచరా దిగి ఇంటి ఓనరు భార్యను వెంటబెట్టుకొచ్చింది. ఇద్దరూ మంచానికి చెరోవైపు నిలబడ్డారు.

"లేవ్వే! ముక్కు!"

"ముక్కమ్మా, ముక్కు! పళ్ళు బిగించు!"

కండక్టరు ఉలిక్కిపడి లేచింది. బస్సులో ఎంతమందినైనా గదమాయించే మనిషి కళ్ళలో మొదటిసారి భయం కనపడింది. నొప్పి లేదు, అయినా బిగదీసుకుని ముక్కడం మొదలుపెట్టింది. మెడ నరాలు ఉబ్బాయి.

"రావట్లేదక్కా... నాకేం అనిపించట్లేదు... తప్పు చేస్తున్నానా?" అంది ముక్కమ్మ వైపు చూసి.

ముక్కమ్మ గొంతులోకి పాత మాట తన్నుకొచ్చింది. ఒక్కసారి అంటే చాలు. అత్తగారు సంతోషిస్తుంది, వీధంతా మెచ్చుకుంటుంది, రేపు ఎవరో ఒకరు పేరు చెప్పి అడుగుతారు. తువ్వాలు అంచు పళ్ళ మధ్య లేదు. ఎదురుగా రెండు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అన్నేళ్ళు ఆసుపత్రి మంచాల మీద పడుకున్నవాళ్ళకు తను ఎలా కనపడి ఉంటుందో ఇప్పుడు కనపడింది. చూడ్డానికి ఏమంత బాగోలేదు.

"నోళ్ళు ముయ్యండి!"

అది ఆసుపత్రి గొంతే. ఏళ్ళ తరబడి వాడకుండా దాచి ఉంచడంతో ఇంకా పదునెక్కింది. వీధిలో బంతి ఆడుతున్న పిల్లలు ఆగిపోయారు. కింద దర్జీ ఇస్త్రీపెట్టె గుడ్డ మీదే వదిలేసి నిలబడిపోయాడు, కాసేపటికి కమురు వాసన పైదాకా వచ్చింది. ఓనరు భార్య వచ్చిన మెట్ల మీదుగానే వెళ్ళిపోయింది. అత్తగారు నోరు తెరిచి, మూసి, గోడవారనున్న స్టూలు మీద కూలబడింది. పెళ్ళయ్యాక తనను అంతమాట అన్నవాళ్ళు లేరు.

ముక్కమ్మ మంచం మీద కూర్చుని కండక్టరు తల ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వు తప్పేం చెయ్యట్లేదు తల్లీ. ఒళ్ళు వదిలెయ్. దానికి తెలుసు" అంది మామూలు గొంతుతో.

గది సద్దుమణిగింది. కొంతసేపటికి నొప్పి తనంతట తనే తిరిగొచ్చింది. కండక్టరు మోకాళ్ళ మీదికి లేచి మంచం పట్టె పట్టుకుంది. ఈసారి ఎవరూ చెప్పలేదు. గొంతులోంచి ఒక బరువైన మూలుగు వచ్చింది. ముక్కమ్మ చేతులు కింద సిద్ధంగా ఉన్నాయి. లాగలేదు, నెట్టలేదు. తల వచ్చింది. మరో నొప్పికి భుజాలు వచ్చాయి. తడితడిగా, కోపంగా ఒక ఆడపిల్ల ఆ చేతుల్లోకి దిగి, వాళ్ళ నాయనమ్మకు తీసిపోని నోరు తెరిచింది. ఇస్త్రీ గుడ్డ కప్పి తల్లి రొమ్ము మీద పడుకోబెట్టింది. తర్వాత బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగేదాకా, మాయ పడేదాకా, రక్తం ఎంత పోతోందో చూస్తూ మళ్ళీ కూర్చుంది.

తలెత్తి చూస్తే గుమ్మంలో పెద్దమ్మ. మోకాళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"అరిచావు" అంది పెద్దమ్మ తిరిగొచ్చే దారిలో.

"అరిచాను."

"వీధి మొదట్లో ఉన్నాను నేను. అక్కడికి వినపడింది."

తన పని అయిపోయిందని ముక్కమ్మకు అర్థమైంది. ఇంటికెళ్ళి మొగుడితో చెప్పింది. "బ్రేకు తొక్కావా?" అన్నాడాయన. "తొక్కాను." "బండి ఆగిందా?" "ఆగాల్సినవాళ్ళు ఆగారు." "మరింకేం" అని ఆయన నిద్రపోయాడు. ఆమెకు నిద్ర పట్టలేదు.

కానీ ఆ వీధిలో మొదటి నోరు అత్తగారిదని మరిచిపోకూడదు. బారసాల దాకా కూడా ఆగలేదు ఆవిడ. కుళాయి దగ్గర, కూరగాయల బండి దగ్గర, కొడుకు కొట్టుకొచ్చే ప్రతివాళ్ళ దగ్గరా చెప్పింది. "నొప్పులు చచ్చిపోయాయమ్మా! బిడ్డ ఇంక రాదనుకున్నాం. అప్పుడు లేచి ఒక్క అరుపు అరిచిందీ! బిడ్డ జడుసుకుని బయటపడింది. పెద్దావిడ వల్ల అవుతుందా? ఆ గొంతే వేరు." ఆ అరుపు ఎవరి మీదన్నది ఆవిడ మరిచిపోయింది. ఓనరు భార్య కూడా మరిచిపోయింది. నిజం చెప్పులు తొడుక్కునేలోపే అబద్ధం నాలుగు వీధులు తిరిగొచ్చింది.

అలా ఒక సాయంత్రం ఎలక్ట్రీషియనొకడు తల్లినీ, నిండు నెలల్లోకి వస్తున్న భార్యనూ వెంటబెట్టుకుని పెద్దమ్మ గుమ్మం ఎక్కాడు.

"ముక్కమ్మ గారంటే ఎవరండీ? ఆ అరిచే ఆవిడ?"

"నేనూ మంత్రసానినే" అంది పెద్దమ్మ.

"మీరొద్దండీ, మీరు మెత్తనట" అంది ఎలక్ట్రీషియను తల్లి. "మా కోడలు ఒట్టి పిరికిది. దీని మీద అరిచి మరీ కాన్పు చెయ్యాలి."

పెద్దమ్మ ముక్కమ్మ వైపు చూసింది. షరతు షరతే. పేరు చెప్పి అడగనే అడిగారు. తలూపితే చాలు, ఇవ్వాళ్టి నుంచి ఆమె పని ఆమె సొంతం. కాదంటే వీళ్ళు వెళ్ళిపోతారు, పెద్దమ్మ తలుపేసుకుంటుంది.

ముక్కమ్మ కోడలిని చూసింది. అరిచే అన్న మాట వినపడ్డప్పుడల్లా ఆ పిల్ల కాలి బొటనవేలు ముడుచుకుంటోంది.

"కనేవాళ్ళ మీద నేను అరవనండీ" అంది.

ఎలక్ట్రీషియను తల్లి మొహం మాడిపోయింది. "మరి దర్జీ వాళ్ళ ఇంట్లో అరిచారటగా? ఎవరి మీద అరుస్తారు?"

"చుట్టూ ఉన్నవాళ్ళ మీద. మీ ఇంట్లో అయితే మీ మీద, మీ అబ్బాయి మీద."

ఎలక్ట్రీషియను తల్లి వైపు చూశాడు. తల్లి చెప్పుల వైపు చూసింది. "పదరా, పోదాం" అంది.

కోడలు కదల్లేదు. వచ్చినప్పటి నుంచి దించిన తల అప్పుడు ఎత్తింది.

"నాకీవిడే కావాలి" అంది.

ఆ పిల్ల ఆ ఇంట్లో నోరు విప్పి అడిగిన మొదటి కోరిక అదేనేమో, మొగుడు ఏం చెయ్యాలో తోచక "సరే" అనేశాడు. పెద్దమ్మ తన కుర్చీ గోడవైపు జరుపుకుని, తనకు సంబంధం లేని వ్యవహారమన్నట్టు కళ్ళు మూసుకుంది.

ముక్కమ్మ ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది. "నొప్పులప్పుడు గదిలో నీకు ఎవరుండాలమ్మా?"

"ఇంకెవరు, నేనుంటాను" అంది అత్తగారు.

"మిమ్మల్ని కాదండీ, అమ్మాయిని అడిగాను."

చాలా మెల్లగానే అంది. అయినా అత్తగారు గభాలున వెనక్కి జరిగి, ఆ అరుపు ఇదేనా అన్నట్టు కొడుకు వైపు చూసింది. ఇదేనన్నట్టు కొడుకు తల ఊపాడు.